ఇంట్లోనే పిలకాయల్ని చదివించేవాళ్లు తమకంటూ కాస్త టైం ఎట్లా తీసుకుంటున్నారు?

పెన్నా_గాలి
మాది నెల్లూరు, వేదాయపాళెం. ఇద్దరు పిలకాయలు. పెద్దదానికి పదేళ్లు, చిన్నోడికి ఆరు. ఇద్దర్నీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఆ నిర్ణయం మీద మాకు ఏ అనుమానమూ లేదు, ఇక్కడ అడిగేది దాని గురించి కాదు.

నా బాధ వేరే. పొద్దున లేచింది మొదలు రాత్రి చిన్నోడు నిద్రపోయేదాకా నేను ఒక్కదాన్నే ఉండే నిమిషం ఉండదు. దోసెలు పోస్తుంటే భాగహారం అడుగుతారు. భాగహారం చెబుతుంటే కుక్కర్ కూస్తుంది. స్నానానికి పోతే తలుపు అవతల నిలబడి "అమ్మా, తిమింగలం చేపేనా, కాదా?" అంటాడు చిన్నోడు. బడికి పంపే అమ్మలకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాసేపైనా ఇల్లు సద్దుమణుగుతుంది. మాకు ఆ సద్దు లేని పూట లేదు. మా ఆయనకి కృష్ణపట్నం వైపు ఉద్యోగం, షిఫ్టులు. ఇంటికొచ్చేసరికి ఆయనా అలిసిపోయి ఉంటారు.

ఈ మధ్య చిన్న చిన్న వాటికే గొంతు పెరుగుతోంది. రాత్రి పడుకున్నాక అదే గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఇంట్లో చదివించేవాళ్లు మీరెట్లా చేస్తున్నారో చెప్పండి.

ఒంగోలు_గిత్త
బడిలో వేయండి. సమస్య అయిపోతుంది.

పొదిలి_అమ్మాయి
గిత్త అన్నా, దాని గురించి అడగడం లేదని మొదట్లోనే రాసింది కదా. చదివి జవాబివ్వండి.

ఉదయగిరి_గరిటె
నాలుగున్నరకి లేవండి. నేను లేస్తాను. ఇల్లంతా నిద్రలో ఉంటుంది, కాఫీ వేడిగా తాగొచ్చు, కాసేపు నడవొచ్చు. పిల్లలు లేచేసరికి నా మనసు కుదురుగా ఉంటుంది. ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు.

రొయ్యల_గుంట
తెల్లారుజామున లేవమని అందరూ చెప్పేదే. అందరికీ కుదరదు. మాది అల్లూరు వైపు, రొయ్యల సాగు. గుంటలో నీళ్లకి ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారకముందే. కరెంటు పోయి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆ గంటలోనే పంటంతా పోవచ్చు. అందరూ ధ్యానం చేసుకోమనే ఆ టైంలో నేను టార్చి పట్టుకుని గట్టు మీద ఉంటాను.

మా ఇంట్లో చదువు చెప్పేది నేనే. మా ఆవిడ నర్సు, ఆమెకీ డ్యూటీలు మారుతుంటాయి. నిద్రలోంచి కోసుకున్న టైంని "నాకోసం" అని నేను లెక్కేయను. దాని అప్పు మధ్యాహ్నం పిల్లల మీద చిరాకుగా తీరుతుంది. ఈవిడకి ఇప్పటికే నిద్ర పట్టడం లేదంటోంది. అలాంటి మనిషిని ఇంకా ముందు లేవమంటే ఎట్లా గరిటె గారూ?

ఉదయగిరి_గరిటె
నేను రాత్రి తొమ్మిదికే పడుకుంటాను అండీ. నిద్ర తగ్గించమని అనలేదు, జరుపుకోమన్నాను.

పెన్నా_గాలి
గరిటె గారూ, నేను లేస్తే చిన్నోడూ లేస్తాడు. పక్కన మనిషి లేదని వాడికి ఎట్లా తెలుస్తుందో తెలియదు. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేలోపు వచ్చి చీర పట్టుకుంటాడు. తొమ్మిదికి పడుకుందామంటే మా ఆయన సెకండ్ షిఫ్టు వారంలో ఇంటికొచ్చేదే పదిన్నర దాటాక.

సింగరాయకొండ_టీచరమ్మ
పెన్నా, రోజూ పాఠాలు ఏ టైం నుంచి ఏ టైం దాకా చెబుతున్నావో రాయి. దాన్ని చూస్తే గానీ ఏదీ చెప్పలేను.

పెన్నా_గాలి
తొమ్మిది నుంచి పన్నెండున్నర. అన్నాలయ్యాక రెండు నుంచి నాలుగున్నర. రాత్రి చదివించడం, ఎక్కాలు. ఇద్దరికీ దాదాపు ఒకటే. బడి పిల్లలకన్నా తక్కువ కాకూడదని పెట్టుకున్నాం.

సింగరాయకొండ_టీచరమ్మ
నేననుకున్నదే. నేను ప్రభుత్వ బళ్లో చెప్పి రిటైరయ్యాను, కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంటుంది. ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని అందులో రాశారు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. భాగిస్తే చిన్న తరగతులకి రోజుకి నాలుగు గంటలు. అదీ ఒక టీచరుకి ముప్పై మంది పిల్లలున్న గదిలో. హాజరు పిలవడం, గొడవలు తీర్చడం, ఒకడు పెన్సిలు పోయిందంటే వెతకడం, వెనకబడ్డ నలుగురి కోసం మిగతావాళ్లని ఆపడం, అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. నీ ఎదురుగా ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరికీ నువ్వు రోజుకి ఆరు గంటలు, పైన రాత్రి చదువు.

ఇంకోటి. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దన్నారు. మూడు నుంచి ఐదు తరగతులకి వారం మొత్తానికి రెండు గంటలు మించొద్దన్నారు. ఆరేళ్ల వాడికి రాత్రి ఎక్కాలు ఎందుకమ్మా?

నా అనుభవంలో ఆరేళ్ల బిడ్డకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేది గంట, గంటన్నర చాలు. అదీ ఒక్క దఫాలో కాదు. పదేళ్లదానికి రెండున్నర గంటలు నువ్వు కూర్చుంటే మిగతాది అది సొంతంగా చదువుకోవాలి, సొంతంగా చదవడం కూడా నేర్పాల్సిన చదువే. మధ్యాహ్నం బడి ఎత్తేయి. నీకు కావలసిన టైం అక్కడుంది.

కావలి_లెక్కలు
టీచరమ్మ గారంటే గౌరవమే, కానీ ఇందులో నేను ఒప్పుకోను. నేను లెక్కల ట్యూషన్ చెబుతాను. ఇంట్లో చదివి ఎనిమిదో, తొమ్మిదో తరగతి వయసులో నా దగ్గరకి వచ్చే పిల్లలు కొందరికి భిన్నాలు రావు. అమ్మకి టైం కావాలని చదువు తగ్గిస్తే రేపు ఆ బిడ్డ ఇబ్బంది పడుతుంది. తల్లిదండ్రులు పెద్ద బాధ్యత మీదేసుకున్నారు, కొన్నేళ్లు ఓర్చుకోవాలి.

లాయర్‌పేట_దర్జీ
కొన్నేళ్లు ఓర్చుకోవాలని చెప్పడం తేలిక సార్. ఆ ఓర్చుకునే మనిషే చదువు చెప్పాలి. ఓపిక అయిపోయిన మనిషి భిన్నాలు చెబితే బిడ్డకి భిన్నాలంటేనే భయం పట్టుకుంటుంది.

సింగరాయకొండ_టీచరమ్మ
లెక్కలు గారూ, భిన్నాలు రాకపోవడానికి గంటలు తక్కువవడం కారణం కాదు. బళ్లో రోజంతా కూర్చున్నవాళ్లకీ రాని సంగతి మీకూ తెలుసు. గ్లాసుతో, గిద్దతో, సోలతో కొలిపిస్తే వచ్చేవి నల్లబల్ల మీద గీస్తే రావు. రోజూ అరగంట లెక్కలు, తప్పకుండా, అమ్మ ప్రశాంతంగా ఉన్న అరగంటలో. అది చాలు.

కావలి_లెక్కలు
రోజూ తప్పకుండా అన్నారు చూడండి, ఆ మాటకి మాత్రం నేను సరే.

పెన్నా_గాలి
టీచరమ్మగారూ, 800 గంటల సంగతి నాకు తెలియదు. ఇందాక మా ఆయనకీ చూపించాను. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం పాఠాలు ఎక్కడం లేదని నాకూ తెలుస్తూనే ఉంది. మానేస్తే ఎవరన్నా ఏమన్నా అంటారేమో, రేపు పదో తరగతి ఎట్లా రాయిస్తామో అనే టెన్షన్‌తో సాగదీస్తున్నాం. చుట్టాలు వచ్చినప్పుడల్లా పిల్లని ఎక్కం అప్పజెప్పమంటారు. అది తడబడితే వాళ్లు నా వైపు చూస్తారు.

పొదిలి_అమ్మాయి
మా మామగారు కూడా అంతే!! పండక్కి వస్తే ముందు రాజధానుల పేర్లు అడుగుతారు, తర్వాతే చాక్లెట్ ఇస్తారు.

తాళ్లపాళెం_తండ్రి
పదో తరగతి గురించి భయం వద్దు. మా పెద్దవాడు ఆ దారిలోనే ఉన్నాడు కాబట్టి చెబుతున్నా. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే కేంద్రం ఓపెన్ స్కూల్లో, పదో తరగతికి చేరాలంటే 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో ఒక భాషైనా ఉండాలి. ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంటుంది. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, రెండు ఇప్పుడు, మూడు తర్వాత అని రాసుకోవచ్చు. పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లో. మన రాష్ట్రం ఓపెన్ స్కూల్లో కూడా పదో తరగతి, ఇంటర్ ఉన్నాయి.

మీ పాపకి పదేళ్లు. ఇంకా నాలుగేళ్ల తర్వాతి పరీక్ష కోసం ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర మానుకోవద్దు.

కావలి_లెక్కలు
చట్టప్రకారం ఆరు నుంచి పద్నాలుగు దాకా బడికి పంపాలి కదా? అది కూడా చెప్పండి మరి.

తాళ్లపాళెం_తండ్రి
చెబుతా. బిడ్డను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఆ చట్టం 10వ సెక్షన్లో ఉంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి ఇంత శిక్ష అని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. ఇంటి చదువు గురించి చట్టం విడిగా ఏమీ చెప్పలేదు. ఇంకో సంగతి, 4వ సెక్షన్ ప్రకారం బడికి పోని బిడ్డ ఎప్పుడు వచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. రేపు మీకే బడికి పంపాలనిపిస్తే ఆ తలుపు తెరిచే ఉంటుంది. అది తెలిశాక మా ఇంట్లో అందరికీ గుండె బరువు దిగింది.

మలైకాజా
చదువు సంగతి పెద్దలు చెప్పారు, నేను వంటింటి సంగతి చెబుతా. పెన్నా అక్కా, నీ రోజు తినేస్తున్నది సగం పొయ్యి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం కూర, సాయంత్రం పిలకాయలకి ఏదో ఒకటి, రాత్రి మళ్లీ. బళ్లో పిల్లలుంటే క్యారియర్ కట్టి పంపితే సాయంత్రం దాకా వంట లేదు. మనకి రోజంతా ఎవరో ఒకరు "ఆకలి" అంటూనే ఉంటారు.

మా ఇంట్లో శనివారం సాయంత్రం చేపల పులుసు పెడతాను, మామిడికాయ వేసి. నెల్లూరు పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని అందరికీ తెలిసిందే. ఆదివారం ఒక్క అన్నమే వండుతా. ఆ పూట వంటిల్లు మూసేశాను అని ఇంట్లో అందరికీ తెలుసు. మధ్యాహ్నాలకి మరమరాలు, వేరుశనగలు, అరటిపండ్లు చేతికందే అరలో పెట్టా. ఆకలేస్తే వాళ్లే తీసుకుంటారు, నన్ను పిలవరు.

ఒంగోలు_గిత్త
నెల్లూరోళ్లు ఏ చర్చ మొదలుపెట్టినా పులుసు దగ్గరికే తెస్తారు 😀

మలైకాజా
ఒంగోలు నుంచి వచ్చి తిని పోండి అన్నా, అప్పుడు మాట్లాడదాం. కాజా కూడా పెడతా.

ఒంగోలు_గిత్త
వస్తా. ఇంకో మాట, నేను పైన అన్నది వెటకారంగా కాదు. మా చెల్లెలు చాలా నలిగిపోతుంటే చూడలేక బడిలో వేయమని ఆమెకీ అదే చెప్పా. అయితే ఆమె ఏమందంటే, "బడికి పంపినా బస్సు టైంకి పరుగు, క్యారియర్లు, హోంవర్కు, ప్రాజెక్టు వర్కుకి థర్మాకోల్ తేవడం, నా టైం ఎక్కడుందిరా" అంది. అందుకని ఇక్కడ చెప్పేవి చదువుతున్నా, ఆమెకి పంపుతా.

బ్యారన్_ఇల్లు
మాది కందుకూరు వైపు పల్లె. పొగాకు వేస్తాం. మా ఇంట్లో చదువుకి జూన్, ఏప్రిల్ లెక్క లేదు. ఆకు కొట్టే రోజుల్లో, బ్యారన్‌లో, అంటే ఆకుని వేడి మీద ఆరబెట్టే కొట్టంలో, క్యూరింగ్ నడిచే రోజుల్లో రాత్రిళ్లు కూడా వేడి చూసుకుంటూ ఒకరు కాపలా ఉండాలి. ఆ సీజన్‌లో పుస్తకాలు ముట్టుకోం. పిల్లలు ఆకు కట్టలు లెక్కపెడతారు, థర్మామీటర్ చదువుతారు, జేజి దగ్గర కథలు వింటారు. సీజన్ అయ్యాక మామూలుగా కూర్చుంటాం. ఎండాకాలం బయటికి పోయేది లేదు కాబట్టి రోహిణి కార్తెలో మాకు చదువు బాగా సాగుతుంది.

పెన్నా గారికి నేను చెప్పేది, మీ ఆయన షిఫ్టు వారాన్ని బట్టి చదువు పెట్టుకోండి. సెకండ్ షిఫ్టు వారం పొద్దున ఆయన ఇంట్లోనే ఉంటారు కదా. ఆ వారం పొద్దుటి పాఠాల్లో ఒకటి ఆయన్ని చెప్పమనండి. బడి గంట మీ ఇంట్లో మోగదు, మీ వీలును బట్టి మీరే మోగించుకోవచ్చు.

పెన్నా_గాలి
బ్యారన్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఏ షిఫ్టు వారమైనా తొమ్మిదికే మొదలుపెడుతున్నాం. ఆయన నిద్రలేచి పేపర్ పట్టుకునే టైంకి మేం తెలుగు పాఠంలో ఉంటాం, ఆయన సద్దు చేయకూడదని వరండాలోకి పోతారు.

ఆత్మకూరు_నాన్న
నేనూ షిఫ్టుల మనిషినే. మగవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. "కాస్త పిల్లల్ని చూడండి" అంటే మాకు అర్థం కాదు. కాస్త అంటే ఎంతసేపో, చూడటం అంటే ఏం చేయాలో తెలియదు. మంచం మీద పడుకుని ఒక కన్ను పిల్లల మీద వేస్తాం, వాళ్లు పోయి అమ్మనే పిలుస్తారు. మా ఇంట్లో తేల్చుకున్నది ఇది: నా ఆఫ్ రోజు పొద్దుటి పూట మొత్తం పిల్లలు నావాళ్లు. టిఫిన్ నుంచి అన్నం దాకా. సోమశిల డ్యామ్ దగ్గరికో, మా పొలానికో తీసుకుపోతా. సైకిల్ పంక్చర్ వేయడం నేర్పా. పెట్రోలు బంకులో లీటరు లెక్క వాళ్లే చెప్పాలి. ఇంట్లోనే ఉంటే మాత్రం ఎంత చెప్పినా అమ్మ దగ్గరికే పోతారు. కాబట్టి బయటికి తీసుకుపోవడమే.

ఇంకోటి చెబుతా, కోపం తెచ్చుకోకండి. మేం తల దువ్వే తీరు వంకరగా ఉన్నా, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టినా వదిలేయండి. వెనక నుంచి వచ్చి సరిచేస్తే రెండోసారి మేం ముందుకు రాం.

పొదిలి_అమ్మాయి
ఇది మా ఆయన్ని చదవమంటా. గుండీల సంగతి నేను చదువుతా 🙏

లాయర్‌పేట_దర్జీ
అందరూ ఆయనకి అప్పజెప్పండి అంటున్నారు. ఆయన లేని ఇళ్లు కూడా ఉంటాయి. మాది అలాంటి ఇల్లు. ఒంగోలులో ఉంటాను, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, నేనే చదివిస్తున్నా. నాకు అత్తలు, ఆడబిడ్డలు ఎవరూ దగ్గర లేరు.

నేను చేసుకున్న ఏర్పాటు చెబుతా. మా వీధిలో నా స్నేహితురాలికి ఇద్దరు పిల్లలు, బడికి పోతారు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇద్దరూ మా ఇంటికి వస్తారు, ఆమె విశ్రాంతి తీసుకుంటుంది. గురువారం సాయంత్రం మా అమ్మాయి వాళ్లింటికి పోతుంది. డబ్బుల మాట లేదు. ముగ్గురు పిల్లలుంటే నాకు పని పెరుగుతుందేమో అనుకునేదాన్ని. నిజానికి తగ్గుతుంది, వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు, నన్ను అడగరు.

అసలు సంగతి ఇదీ. గురువారం ఆ టైంలో నేను మిషన్ ముట్టుకోను. గుమ్మానికి బోర్డు తిప్పేస్తా. పండగల ముందు ఎంత మంది తిట్టినా సరే. ఆ టైంలో ఇంకో రెండు జాకెట్లు కుడితే డబ్బులొస్తాయి, అది నాకూ తెలుసు, నాకు డబ్బులు అవసరమే. అయినా ముట్టుకోను. ఆ పూటని పనికిచ్చేస్తే ఇక తిరిగి రాదు.

వెంకటగిరి_నేత
ఇంట్లో ఉన్న టైంలో పెన్నా గారు మగ్గం వర్క్ నేర్చుకుంటే బాగుంటుంది కదా. ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్‌లో మంచి ఆదాయం. మీకంటూ ఒక వ్యాపకం, నాలుగు డబ్బులు.

పెన్నా_గాలి
నేత గారూ, మంచి మనసుతోనే చెప్పారు. కానీ దర్జీ అక్క రాసింది చదివి ఏడుపొచ్చింది, అందుకే ఈ మాట చెప్పాలి. నాకు ఇంకో పని వద్దు. ఇంకో కోర్సు వద్దు. నాకోసం టైం అని ఎవరితో అన్నా "ఆ టైంలో ఏం చేస్తావ్?" అని అడుగుతారు. దేనికీ పనికిరాకుండా కూర్చోవాలని ఉంది. డాబా మీద కూర్చుని ఆకాశం చూడాలని ఉంది. ఒక పుస్తకం మొదలుపెడితే ఎవరూ పిలవకుండా ఇరవై పేజీలు చదవాలని ఉంది. లెక్క చెప్పక్కర్లేని టైం కావాలి.

వెంకటగిరి_నేత
అర్థమైంది చెల్లెమ్మా. అట్లాగే కూర్చో.

జేజమ్మ_ఒంగోలు
ఇంతమంది రాశారు, జేజిల గురించి ఒక్కరే రాశారు, అదీ పొగాకు సీజన్లో. నేను జేజిని. మా మనవడికి ఏడేళ్లు, మా కోడలు ఇంట్లోనే చదువు చెబుతుంది. బాగా చెబుతుంది, వాడు నా కన్నా బాగా చదువుతాడు.

మా కోడలు "అత్తమ్మా, కాస్త వీణ్ణి చూస్తారా" అని పక్క గదిలోకి పోయేది. పోయి చెవులు ఇటే పెట్టుకుని కూర్చునేది. నేను బెల్లం ముక్క పెడితే వచ్చేది, తీపి వద్దని. కథలో రాక్షసుడు వస్తే వచ్చేది, భయపడతాడని. ఇక ఆమెకి విశ్రాంతి ఏదీ, నాకు మనవడు ఏడీ? ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. సోమ, బుధవారాలు మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి టీ టైం దాకా వాడు నా దగ్గర ఉంటాడు. ఆ టైంలో నా పద్ధతి. నువ్వు పడుకో, పుట్టింటికి ఫోను చేసుకో, గుడికి పో, నీ ఇష్టం.

నేను వాడికి వామనగుంటలు నేర్పాను. చింతగింజలు పంచుతూ పంచుతూ భాగహారం వాడికి వచ్చేసింది. వత్తులు చేస్తాడు. పూలు మూర కొలిచి కడతాడు. చిలక్కొయ్యకి చీర కట్టి మా ఇంట్లో నాటకం ఆడతాడు. ఇది చదువు కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

కోడళ్లూ, మమ్మల్ని అడగండి. మొహమాటపడొద్దు. మేం ఒప్పుకోమని మీరనుకుంటారు, మీరు అడగరని మేమనుకుంటాం. కాకపోతే రోజు, టైం చెప్పి అడగండి. మాకూ నడుం నొప్పులుంటాయి, సాయంత్రం భజన ఉంటుంది.

ఉదయగిరి_గరిటె
జేజమ్మా, మీలాంటి వాళ్లయితే ఇస్తాం. మా అత్తమ్మ టీవీ సీరియల్ పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. రాత్రి మా పాప "విషం కలిపింది ఎవరు?" అని అడుగుతోంది.

జేజమ్మ_ఒంగోలు
సీరియల్ నేనూ చూస్తా తల్లీ. వాడు నా దగ్గరున్నప్పుడు పెట్టను, మా కోడలు ఆ ఒక్కటీ అడిగింది, ఒప్పుకున్నా. మీరూ ఒక్కటే అడగండి. పది అడిగితే మా మనసు ముడుచుకుంటుంది.

బ్యారన్_ఇల్లు
పొగాకు సీజన్లో అనే కాదు జేజమ్మా, మా జేజి లేకపోతే మా ఇల్లు ఏ సీజన్లోనూ నడవదు!

పొదిలి_అమ్మాయి
నాది వేరే ప్రశ్న. మధ్యాహ్నం పాఠం ఎత్తేస్తే పిల్లలు ఆ టైంలో ఏం చేస్తారు? మాది ఒక్క గది, ఒక వరండా. ఎవరి గదిలో వాళ్లు ఉండమనడానికి గదులేవీ?

రొయ్యల_గుంట
గదులు అక్కర్లేదు. మాదీ చిన్న ఇల్లే. ఎవరి చాప వాళ్లకి. పెద్దోడి చాప కిటికీ కింద, చిన్నదాని చాప బీరువా పక్కన. అన్నం తిన్నాక ఎవరి చాప మీద వాళ్లుంటారు. చదువుకోవచ్చు, బొమ్మలేసుకోవచ్చు, పడుకోవచ్చు, ఊరికే ఉండొచ్చు. మాటలు మాత్రం ఉండవు, నన్ను పిలవరు. నేను రాత్రంతా గుంట దగ్గర మేలుకున్నవాణ్ణి కాబట్టి నాకది నిద్ర టైం.

మొదట్లో పావుగంట కూడా ఉండలేదు. అలారం పెట్టి పది నిమిషాలతో మొదలుపెట్టాం, మెల్లగా పెంచుకుంటూ పోయాం. ఇప్పుడు అలారం మోగినా చిన్నది లేవదు, కాగితాలు కత్తిరించుకుంటూ ఉంటుంది. పిల్లలకి కూడా ఎవరూ పలకరించని టైం కావాలని అక్కడే తెలిసింది నాకు.

కావలి_లెక్కలు
ఆ టైంలో ఫోన్ ఇస్తారా?

రొయ్యల_గుంట
ఇవ్వను సార్. ఫోన్ ఇస్తే ఇంకా ఎక్కువ సేపు కూర్చుంటారు, నిజమే. తీసుకునేటప్పుడు జరిగే గొడవలో నా నిద్ర మొత్తం పోతుంది.

మలైకాజా
నేను వారానికి ఒక సినిమా పెడతా, దాచేదేముంది. ఆ రెండు గంటలు నేను తలకి నూనె పెట్టుకుని కూర్చుంటా. అందరూ క్షేమంగానే ఉన్నారు.

సింగరాయకొండ_టీచరమ్మ
పెద్దపాప సొంతంగా చదవడానికి ఒక సాయం చెబుతాను. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అర్థం కానిది పక్క పేజీలో చూసుకుంటుంది, ప్రతిదానికీ అమ్మని అడగక్కర్లేదు. పాఠాల పక్కనుండే క్యూఆర్ కోడ్ దీక్షా యాప్‌లో తెరుచుకుంటుంది. దాన్ని మాత్రం ముందు నువ్వు చూసి, ఏది వినాలో చెప్పు. తెలియని మాటలు, రాని లెక్కలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోమను, సాయంత్రం ఒకేసారి చెప్పు. ప్రతి ప్రశ్నకీ అప్పటికప్పుడు జవాబు చెప్పాలని ఏమీ లేదు.

పెన్నా_గాలి
తిమింగలం ప్రశ్న కూడా కాగితం మీదే రాయిస్తా టీచరమ్మగారూ. చిన్నోడికి రాయడం ఇంకా అంత రాదు, బొమ్మ వేయమంటా.

తాళ్లపాళెం_తండ్రి
వానాకాలం సంగతి కూడా ఆలోచించుకోండి. మన జిల్లాలకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. తుపాను పట్టిందంటే వారం రోజులు పిల్లలు గడప దాటరు. బయటికి పంపే ఏర్పాటు ఒక్కటే పెట్టుకుంటే ఆ నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. చాపల పద్ధతి అప్పటికి అలవాటై ఉండాలి.

మలైకాజా
అక్కా, పిల్లల్ని బయటికి పంపడం కుదరనప్పుడు నువ్వే బయటికి రా. మా ఆయన ఇంట్లో ఉన్న సాయంత్రం నేను రంగనాయకుల గుడికి పోతా. దర్శనం చేసుకుని పెన్న వైపు కూర్చుంటా. ఇంట్లో ఉంటే తడి బట్టలు కనిపిస్తాయి, సింకు కనిపిస్తుంది. అక్కడ నది తప్ప ఏం కనపడదు.

ఆత్మకూరు_నాన్న
మీరు పోయేటప్పుడు ఫోన్ చేసి "అన్నం తిన్నారా" అని అడక్కండి. తింటారు.

పెన్నా_గాలి
రాత్రి మా ఆయన, నేను ఇవన్నీ చదువుకున్నాం. తేల్చుకున్నవి రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మధ్యాహ్నం పాఠాలు ఆపేశాం. చిన్నోడికి పొద్దున గంటన్నర, మధ్యలో ఆటతో. రాత్రి ఎక్కాలు లేవు. సెకండ్ షిఫ్టు వారం పొద్దున లెక్కలు ఆయనవి. "నాకు లెక్కలంటే ఇష్టమే, నువ్వు ఎప్పుడూ అడగలేదు" అన్నారు. ఆయన ఆఫ్ రోజు పిలకాయల్ని మైపాడు బీచ్‌కి తీసుకుపోతారు, లేదంటే వాళ్ల అమ్మగారింటికి. నేను ఇంట్లో ఉంటా. వంట చేయను. అత్తమ్మకి ఫోన్ చేసి రోజు, టైం చెప్పి అడిగాను. "శుక్రవారం వద్దు, పూజ ఉంటుంది. గురువారం పంపు" అన్నారు, గొంతులో సంతోషం తెలిసింది. చాపలు కొన్నాం, చిన్నోడు నీలంది కావాలన్నాడు.

ఒక్కటే మిగిలింది. దర్జీ అక్క చెప్పినట్టు పిల్లల్ని మార్చుకునే ఏర్పాటుకి వేదాయపాళెం, మాగుంట లేఅవుట్ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా? బడికి పోయే పిల్లలైనా సరే. శనివారం మధ్యాహ్నం నేను చూసుకుంటా, ఇంకో పూట మీరు.

లాయర్‌పేట_దర్జీ
మొదట రెండు మూడు సార్లు అమ్మలిద్దరూ కూడా కూర్చోండి. పిల్లలకి అలవాటయ్యాక వదలండి. మందులు, ఏది తింటే పడదు, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి.

పొదిలి_అమ్మాయి
నెల్లూరులో ఉండుంటే ఎంత బాగుండేది. పొదిలిలో ఎవరన్నా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.

బ్యారన్_ఇల్లు
పొదిలి నుంచి మా ఊరికి బస్సుంది. సీజన్ లేనప్పుడు పిల్లల్ని తీసుకుని రండి, మా ఇంట్లో ఆడుకోవడానికి చోటు బోలెడు.

దర్గామిట్ట_కిటికీ
ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మాది దర్గామిట్ట, మీకు దూరం కాదు. ఒక్కడే బాబు, ఎనిమిదేళ్లు, బడికి పోతాడు, శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాడు. బుధవారం సాయంత్రం మీ పిల్లలిద్దర్నీ నేను చూసుకోగలను. వేరుశనగలు పడవు వాడికి, అది ముందే చెబుతున్నా. మీ పిల్లలకి కుక్కంటే భయమా? మా ఇంట్లో ఒకటుంది.

పెన్నా_గాలి
చిన్నోడికి కాస్త భయం, పెద్దదానికి ప్రాణం. ఈ శనివారం మూడింటికి రండి, మీరూ కూర్చుందురు. అడ్రస్ మెసేజ్‌లో పెడుతున్నా. వేరుశనగల డబ్బా పై అరలోకి ఎక్కిస్తా.